మక్కచేనులో మూడుకాళ్ల స్టాండు

ఎయిర్‌పోర్టు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో మా షంషాబాద్ మనుషులకు రెండు అలవాట్లు పట్టుకున్నాయి. విమానం చప్పుడు వినపడగానే చేతిలో పని ఆపి తల పైకెత్తడం ఒకటి. (మంగలి కుర్చీలో గడ్డం గీయించుకుంటున్నవాళ్లు కూడా ఎత్తేవారు. గాట్లు పడేవి.) ఏ పొలం గట్టు మీదైనా కొత్త మనిషి కనపడితే ఎత్తిన తల దించి, ఎవరాయన, ఎందుకొచ్చిండు, ఎటు చూస్తున్నడు అని ఆరా తీయడం రెండోది. విమానాల మోజు ఏడాది తిరక్కుండానే తీరిపోయింది. రెండో అలవాటు మాత్రం ముదిరింది. ఎయిర్‌పోర్టుకని కొంత, రోడ్లకని కొంత, వెంచర్లకని కొంత భూమి కళ్లముందే చేతులు మారుతుంటే ముదరక ఏం చేస్తుంది? ఆ సంగతి వార్తలుగా రాసి పంపుతున్నవాణ్ని నేనే. అయినా సమయానికి నాకు గుర్తురాలేదు.

అప్పుడు నేను ఒక దినపత్రికకు షంషాబాద్ విలేకరిని. కొత్తగా చేరాను. నాకు ఒక బైకు, ఒక కెమెరా, ఆ కెమెరాకు మూడుకాళ్ల స్టాండు ఉండేవి. బైకూ కెమెరా తోటి విలేకరులందరికీ ఉండేవి, స్టాండు నాకొక్కడికే. ప్రెస్‌మీట్‌లో దాన్ని సంచీలోంచి తీసి ఒక్కొక్క కాలూ సాగదీస్తుంటే నాయకులు ప్రసంగం ఆపి చూసేవారు. అందరూ దాన్ని స్టాండు అంటే నేను ‘ట్రైపాడ్’ అనేవాణ్ని. ఆ మాట అనేటప్పుడు నా గొంతు కొంచెం బరువెక్కేదని దోస్తులు ఇప్పటికీ వెక్కిరిస్తారు.

మా పెద్దబాపుది, అంటే మా నాయన అన్నది, పక్కనే ఉన్న పాల్మాకుల. చెలకలో సగం రోడ్డు కింద పోగా మిగిలిన సగంలో మక్కజొన్న వేసేవాడు. కంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు దిగేవి. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. వరుసగా రెండు పంటలు అట్లా పోయాక పెద్దబాపు ఒకరోజు అన్నం ముందు కూర్చుని తేల్చి చెప్పేశాడు. “గీ పంట గూడ పందులు తొక్కినయంటే ఇగ నాతోని గాదు. బ్రోకర్ బావకు ఫోన్ కొట్టి అమ్మేస్త.” (బ్రోకర్ బావ మాకు దూరపు చుట్టం. ఆయన పలకరింపే “ఏం మామా, ఎప్పుడిస్తున్నవ్?” అని ఉండేది.) పెద్దమ్మ చేయి కడుక్కునే దగ్గర నా పక్కకు వచ్చి, “సగం రోడ్డుకు పాయె. ఇగ గిది గూడ పోతే నేను పొద్దుగాల లేసి ఏడికి పోవాలె బిడ్డా? నువ్వన్న జర ఏదన్న చెయ్యి” అంది. పేపర్లో పనిచేసేవాడు ఏదైనా చేయగలడని మా ఇంట్లో గట్టి నమ్మకం. నాకూ ఉండేది.

చేయడానికి మార్గం లేకపోలేదు. పెద్దబాపు దగ్గర వాళ్ల నాయన నాటి రైఫిలు ఒకటుంది, పంట కాపలా కోసం లైసెన్సుతో. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఠాణాలో జమ చేయడం, అవి అయిపోగానే తుడిచి ఇంటికి తెచ్చుకోవడం, ఆ తుపాకి చూసిన లోకం అంతే. అది పేలగా విన్నవాళ్లు మా వంశంలో ఎవరూ మిగల్లేదు. ఆ ఏడాది అధికారుల చుట్టూ తిరిగి పందిని కొట్టడానికి అనుమతి కూడా తెచ్చుకున్నాడు. తుపాకి ఉంది, తూటాలున్నాయి, అనుమతి ఉంది. లేనిదల్లా నిలకడగా ఉండే చెయ్యి. అరవై దాటాక పెద్దబాపు చేతికి సన్నటి వణుకు వచ్చింది. చాయ్ తాగితే ఆయనకు సగం, సాసరుకు సగం.

“పెద్దబాపూ, దీనికి ట్రైపాడ్ కావాలె” అన్నాను, గొంతు బరువు చేసుకుని.

ఆ సాయంత్రమే ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వేట తుపాకుల స్టాండ్ల బొమ్మలన్నీ చూశాను. తెల్లదొరలు టోపీలు పెట్టుకుని, మూడుకాళ్ల మీద తుపాకి ఆనించి, పక్కన కాఫీ కప్పుతో అడవిని ప్రేమగా చూస్తున్నారు. కాళ్లు వెడల్పుగా చాపగలగాలి, మొనలు మట్టిని పట్టుకోవాలి, నెత్తి మీద ముక్క ఊగకుండా అటూ ఇటూ తిరగాలి, మనిషి నిలబడ్డా కూర్చున్నా అందే ఎత్తుండాలి. ఈ నాలుగు ముక్కలూ కంఠతా పట్టి పెద్దబాపుకు అప్పజెప్పాను. ఆయన శ్రద్ధగా విని, “గివన్నీ నీ దానికున్నయా?” అని అడిగాడు. “దానికెందుకు లేవు?” అన్నాను.

మర్నాడు వాకిట్లో నా ట్రైపాడ్ విప్పాం. తూటాలు పెద్దమ్మ బియ్యం డబ్బాలో దాచేసి, ఖాళీ తుపాకి మాత్రం మా చేతికిచ్చింది. (“ఉట్టి దానితోనే మీరిద్దరు గింత ఆగం చేస్తున్నరు, అవి గూడ ఇస్తే ఇంకేమన్న ఉన్నదా?” అంది.) రైఫిలును స్టాండు నెత్తిన పెట్టి గుడ్డపేలికతో కట్టాం. కాసేపు అది బుద్ధిగానే నిలబడింది. తర్వాత ముందు కాలు మెల్లగా జారడం మొదలుపెట్టింది. దాన్ని చూసి మిగతా రెండూ జారాయి. తుపాకి వినయంగా వంగి వంగి, చివరికి మూతి పెద్దమ్మ పాదాల మీద ఆనించింది.

“దీవించు పెద్దమ్మా” అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

పెద్దబాపు నవ్వలేదు. నా ట్రైపాడ్ కాలు రెండువేళ్లతో పట్టుకుని ఎత్తి చూశాడు. “గిదేంది రా, మిడత కాళ్లున్నయి దీనికి? పంది వస్తే మనకన్న ముందు ఇదే ఉరుకుతది.”

ఆ దెబ్బకు పౌరుషం వచ్చి ఇద్దరం బైకు మీద కాటేదాన్ వెళ్లాం. అక్కడొక వెల్డింగ్ షాపు ఆయన గేట్లు, గ్రిల్లులు బాగా చేస్తాడని పేరు. దేనికి స్టాండు అని అడిగాడు. తుపాకికి అన్నాడు పెద్దబాపు. వెల్డింగ్ ఆయన మంట ఆర్పి, ముఖానికున్న అద్దం పైకి లేపి, రోడ్డు మీద అటూ ఇటూ చూశాడు. పందులని చెప్పాక గాని మళ్లీ మంట వెలిగించలేదు. పెద్దబాపు షరతు ఒక్కటే. “అన్నా, కదలొద్దు. ఏం జేసినా కదలొద్దు.”

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఆ స్టాండును ట్రాలీ ఆటోలో వేస్తే ముందు చక్రం లేచింది. వాకిట్లో దించేసరికి చుట్టుపక్కల మగవాళ్లందరికీ నడుములు పట్టేశాయి. నెత్తిన అంచుదాకా నిండిన చాయ్ గ్లాసు పెట్టి చూశాం, బొట్టు తొణకలేదు. పెద్దబాపు చుట్టూ ఎగిరాడు, తొణకలేదు. సంతోషం పట్టలేక ఒక తన్ను తన్నాడు. చాయ్ అప్పటికీ తొణకలేదు, ఆయన బొటనవేలు మాత్రం వాచింది. కుంటుకుంటూనే తుపాకి ఎక్కించి గురి చూసి, “ఇగ ఎడమకు తిప్పుత” అన్నాడు. అది తిరగలేదు. కుడికీ తిరగలేదు. నెత్తి మీద ముక్కను కూడా కలిపి అతికేశాడు మహానుభావుడు. ఫోన్ చేస్తే, “కదలొద్దన్నరు గదా అన్నా. తిరుగుడంటే కదులుడే గదా?” అన్నాడు.

పెద్దబాపు వాచిన వేలు నిమురుకుంటూ, “అయితే నువ్వొక పని జెయ్యి రా. పందులకు కబురు పెట్టు. జర గీ దిక్కుకెల్లే రమ్మను” అన్నాడు. పెద్దమ్మ మాత్రం ఆ స్టాండును చూసి మురిసిపోయి దాని మీద నీళ్లకుండ పెట్టుకుంది.

అటు చేలో కంకులు పాలు పోసుకుంటున్నాయి. చేను చివర మూడు నాలుగు సాళ్లు అప్పటికే పడిపోయాయి. పెద్దబాపు పొద్దున వెళ్లి చూసొచ్చి, ఫోన్ చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఆ ఫోన్ వైపు చూస్తూ పెద్దమ్మ, పెద్దమ్మ వైపు చూస్తూ నేను. నాకు గాభరా పట్టుకుంది.

అప్పుడు దొరికింది అసలైనది. కొత్తూరులో నా దోస్తు ఒకడు వెంచర్లలో కొలతల పని చేసేవాడు. వాళ్ల సర్వే మిషన్ పెట్టే స్టాండు చూడగానే నా కడుపు నిండింది. పసుపు రంగు కర్రకాళ్లు, కొసలకు ఇనుప మొనలు, కాలితో తొక్కితే మట్టిలో దిగబడే మెట్లు. మిషన్ తన దగ్గరే ఉంచుకుని, స్టాండు మాత్రం ఇచ్చాడు. “సారు పెళ్లికి పోయిండు, వచ్చెలోపల తెచ్చియ్యి” అన్నాడు. కాఫీ కప్పు ఒక్కటే తక్కువ, నేను చూసిన బొమ్మల్లోని దానికి ఇది ఎందులోనూ తీసిపోదు.

తుపాకి ఎక్కించే ముందు కెమెరాతో పరీక్షిద్దాం అన్నది నా తెలివే. దూరంలో కర్ర పట్టుకుని ఒకరు నిలబడాలి, ఇంకొకరు కెమెరాలోంచి ఆ కర్రను జూమ్‌తో దగ్గరకు లాగి చూడాలి. కర్ర ఊగకుండా కనపడితే తుపాకి కూడా ఊగదు. పొద్దున్నే చేనుకు వెళ్లాం. పెద్దబాపు స్టాండు పాతి, ఒక కన్ను మూసి, నడుం వంచి కెమెరాలో తల దూర్చాడు. ఎండ తగులుతుందని పెద్దమ్మ ఆయన మీద గొడుగు పట్టింది. నేను ఒక పొడుగు కర్రకు దూరానికి కనపడేలా ఎర్రగుడ్డ ఒకటి, తెల్లగుడ్డ ఒకటి మార్చి మార్చి చుట్టి, గట్టు మీద నిలబడ్డాను. పందులు దిగే దారులు గుర్తుండాలని ప్రతి దారి దగ్గరా ఒక మేకు పాతి సున్నం చల్లాను. “జర ఎడమకు! ఇంక జరుగు! ఆఁ, గక్కడ్నే, గక్కడ్నే!” అని పెద్దబాపు చెయ్యి ఊపుతున్నాడు.

చదువుతున్న మీకు ఈపాటికి విషయం తెలిసిపోయి ఉంటుంది. మాకు తెలియలేదు.

పక్క చేలో కలుపు తీస్తున్న అవ్వ నడుం ఎత్తింది. గొడుగు చూసింది, మూడుకాళ్లు చూసింది, నా చేతిలో కర్ర చూసింది, సున్నం చూసింది. కొడవలి అక్కడే పడేసి ఊరివైపు పరుగు తీసింది. ఆమె అంత వేగంగా పరిగెత్తగలదని వాళ్లింట్లో వాళ్లకు కూడా తెలియదట. కాసేపటికి బైకులు, ట్రాక్టర్లు, కాలినడకన వచ్చేవాళ్లు. గట్టంతా జనం.

“ఏందన్నా గిది, మల్ల రోడ్డా?”

“రోడ్డు గాదు, పందులు” అన్నాడు పెద్దబాపు.

“అందరు గట్లనే అంటరు. పోయినసారి వచ్చినోడు భూమిల నీళ్లున్నయా అని చూస్తున్నమన్నడు. నీళ్లు రాలే, రోడ్డొచ్చింది.”

“అరె, పందిని కొట్టుటందుకు స్టాండు చూసుకుంటున్నం!”

“మరి తుపాకి ఏది?”

“ఇంట్ల ఉన్నది.”

“తూటాలు?”

“బియ్యం డబ్బాల.”

గట్టు గట్టంతా నవ్వింది. నిజం అంత అబద్ధంలా వినపడటం నా వృత్తిలో నేను మళ్లీ చూడలేదు. అవ్వ నా దగ్గరకు వచ్చి కర్రకు చుట్టిన ఎర్రగుడ్డ పట్టుకుని లాగింది. “నువ్వు పేపరోనివి గదా బిడ్డా, నువ్వే చెప్పు. మా చేన్ల మీదికెల్లేనా, జర పక్కకెల్లి పోతదా?” నేను “లేదవ్వా, రోడ్డే లేదు” అన్నాను. ఆమె వెనక్కి తిరిగి, “ఇగ పక్కా! పేపరోడు లేదంటున్నడు!” అని కేకేసింది.

బ్రోకర్ బావ తెల్లచొక్కాతో దిగాడు. నేరుగా పోయి కెమెరాలో కన్ను పెట్టి, చాలాసేపు చూసి, తలాడించాడు. ఏం చూశాడో ఆయనకే తెలియాలి, అందులో నా పొట్ట తప్ప ఏమీ కనపడదు. పెద్దబాపు చెవిలో, “మామా, ఎన్ని ఫీట్ల రోడ్డు? నాకన్న చెప్పు” అన్నాడు. పెద్దబాపు గొడుగు లాక్కుని ఆయన వెంటపడ్డాడు.

ఆ రోజు నుంచి ఊరు చేన్లలోనే కాపురం పెట్టింది. సర్వేవాళ్లు చీకట్లో వచ్చి కొలిచి మేకులు పాతిపోతారేమోనని గట్ల మీద టెంట్లు వేశారు. ట్రాక్టర్ లైట్లు, పేకాట, డప్పులు, ఒకచోట భజన, ఇంకోచోట వంట. ఒకాయన మామిడిచెట్లున్న తోటకు నష్టపరిహారం బాగా వస్తుందని ఎవరో చెబితే, తన చెలక నిండా మామిడికొమ్మలు విరిచి గుచ్చాడు. (సాయంత్రానికి వాడిపోయాయి. పొద్దున్నే మళ్లీ గుచ్చాడు.) మా ఆఫీసు నుంచి ఫోన్. “మీ ఏరియాలో రహస్య సర్వే అట. అందరూ రాస్తున్నారు, నీ వార్త ఏదయ్యా?” నేనే చేశాను సార్ అని ఎట్లా చెప్పను? ‘సర్వే వట్టి పుకారే’ అని రాసి పంపాను. అది అచ్చయిన పొద్దున టెంట్లు రెట్టింపయ్యాయి.

కొత్తూరు దోస్తుకు స్టాండు తిరిగి ఇవ్వడం కూడా గండమైంది. పట్టపగలు దాన్ని బైకు మీద పెట్టుకుపోతే సర్వే పూర్తయిందనుకుంటారు. చివరికి గడ్డిమోపులో చుట్టి ట్రాక్టర్ మీద పంపాం. తుపాకి ఒక్కసారైనా దాని మీదికి ఎక్కనేలేదు.

ఎక్కాల్సిన అవసరం రాలేదు. అన్ని లైట్లు, అన్ని డప్పుల మధ్యకు ఏ పంది వస్తుంది? ఊరంతా రోడ్డు కోసం కాపలా కాసింది, మక్క దానంతటది ముదిరింది. ఎన్నడూ లేనంతగా పండింది. కంకులు కోసి కల్లంలో ఎండబోసిన రోజు పెద్దమ్మ నడుముకు కొంగు చుట్టుకుని, అటు నుంచి ఇటు తిరగేస్తూ, మధ్యమధ్య ఒక కంకి తీసి ఊరికే చూసి మళ్లీ అక్కడే పెడుతోంది. ఆమె ముఖం నేను ఫోటో తీయలేదు. కెమెరా మెడలోనే ఉంది, తోచలేదు.

బ్రోకర్ బావ ఆ రోజూ వచ్చాడు. “మామా, ఇగ మాట్లాడుకుందమా?” అన్నాడు.

పెద్దబాపు తల కూడా ఎత్తలేదు. “మాట్లాడుదం గని, నువ్వు జర పక్కకు జరుగు. నీ నీడ కంకుల మీద పడ్తున్నది.”

బావ జరిగాడు. ఇంకొంచెం అన్నాడు పెద్దబాపు. ఇంకొంచెం జరిగాడు. అట్లా జరుగుతూ జరుగుతూ బైకు దాకా పోయి, అది ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎన్నో పెద్ద వార్తలు రాశాను, పెద్ద ఆఫీసుల్లో కూర్చున్నాను, ఎదుట తుపాకులు పెట్టుకుని కూర్చున్నవాళ్లతోనూ మాట్లాడాను. ఏది ఎక్కడ తప్పుతుందో ముందే ఊహించడం అలవాటైపోయింది. ఎండలో ఎర్రగుడ్డ కర్ర నిటారుగా పట్టుకుని, ఊరంతా తన మీదికి వస్తుంటే కూడా కర్ర ఊగకూడదని ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వాగదు. నవ్వు అయిపోయాక మాత్రం, పాపం, ఎంత బాగా నిలబడ్డాడు అనిపిస్తుంది.