మోటారు శ్రుతి

పక్క బిల్డింగులో ఈమధ్య ఎవరో పాత నీళ్ల మోటారు తెచ్చి బిగించారు. తెల్లవారుజామున అది ముందు దగ్గుతుంది, తరువాత సన్నగా మూలుగుతుంది, కాసేపటికి ఒక గొంతు మీద నిలబడుతుంది. మా కోడలు విసుక్కుంటూ లేచి కిటికీ మూసేస్తుంది. నేను మాత్రం మంచం మీద లేచి కూర్చుని వింటాను. ఆ మోత నిలబడ్డ చోట వయొలిన్ మొదలవ్వాలి. మొదలవదు. వకుళ ఫరీదాబాద్ వదిలి వెళ్లి చాలా కాలమయింది.

నేను మూడో తరగతి దాకా చదివిన దాన్ని. ఒంగోలు వైపు నుంచి మా అబ్బాయి ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చాను. అప్పటికి ఫరీదాబాద్‌కి మెట్రో రాలేదు. మా పై అంతస్తులో వకుళ, ఆమె భర్త సన్యాసిరావు ఉండేవారు. విజయనగరం వాళ్లు. వకుళ ట్రాక్టర్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో కొనుగోళ్ల సెక్షన్ చూసేది. పొద్దున్నే చార్టర్డ్ బస్సెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు. అంత ఉద్యోగం చేస్తూ తెల్లవారుజామున వయొలిన్ వాయించేది. బస్సులో ఉర్దూ అక్షరాలు దిద్దేది. ఆదివారం ఓఖ్లా దగ్గర యమున ఒడ్డుకు దుర్భిణి పట్టుకుని వెళ్లి పక్షుల్ని చూసి వచ్చేది. చూసిన పక్షిని మధ్యాహ్నం నేల మీద పరిచే పాత లినోలియం ముక్క మీద ఉలితో చెక్కి, సిరా పూసి కాగితం మీద అచ్చు వేసేది. వీటిని సరదాలంటే ఆమెకు కోపం వచ్చేది. దేనికదే పరీక్షకు చదువుతున్నట్టు చేసేది.

“మా ఇంట్లో ఉన్నది ఒక మనిషి కాదు పిన్నిగారూ, ఓ మండలం,” అనేవాడు సన్యాసిరావు. “ఏ ఆఫీసు ఎప్పుడు తెరుస్తారో నాకే తెలీదు.”

“తెరిచినప్పుడు టీ పెట్టి ఇస్తే చాలు,” అనేది వకుళ, తలెత్తకుండా.

నాకు మొదట్లో ఇదంతా నచ్చలేదు. బియ్యం కడిగిన నీళ్లు కూడా మొక్కకు పోసే ఇంట్లో పెరిగాను. చేతిలో పని లేకుండా కూర్చున్న మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకరోజు మెట్ల మీద అడిగేశాను. “ఇన్నెందుకమ్మా? ఉద్యోగం ఉందిగా. కావాలంటే ఏదో ఒకటి పట్టుకోరాదూ?”

“ఉద్యోగం ఉంది కాబట్టే పిన్నిగారూ. సాయంత్రానికి అది నన్ను తినేస్తుంది. ఒక్కటే పెట్టుకుంటే దాన్నీ తినేస్తుంది. నాలుగుంటే ఏదో ఒకటి మిగులుతుందని ఆశ.”

ఆ మాట నాకు అర్థమయింది. పెద్ద సంసారంలో చివరివాళ్లకు కాస్తయినా మిగలాలని కూర ఎక్కువ వండుతామే, అలాగే ఆలోచించింది.

వయొలిన్‌కి ఆమెకు దొరికింది తెల్లవారుజామున కుళాయి నీళ్లు వచ్చే వేళ ఒక్కటే. మా కింది ఇంటాయన రాత్రి షిఫ్టు చేసేవాడు. డ్యూటీకి వెళ్లేముందు సాయంత్రం పడుకునేవాడు. “దీదీ, బాజా అచ్ఛా హై, లేకిన్ నీంద్ భీ అచ్ఛీ హై,” అని నవ్వుతూనే చెప్పాడు. వాయిద్యం మంచిదే, నిద్ర కూడా మంచిదేనట. తెల్లవారుజామున మునిసిపాలిటీ నీళ్లు వదలగానే అన్ని ఇళ్లలో మోటార్లు వేస్తారు. ఆ మోతకు ఎలాగూ అందరూ లేస్తారు కనుక వయొలిన్ ఎవరికీ అడ్డం కాదు. అయితే ఆ మోతలో ఆమె శ్రుతిపెట్టె వినిపించేది కాదు. అందుకని వకుళ మా డాబా మీది మోటారునే శ్రుతి చేసుకుంది. దాని గొంతుకు తీగలు సవరించుకుని, దాని పక్కనే చాప వేసుకుని వాయించేది.

నీళ్లు పట్టడానికి నేనూ డాబా మీదికి వెళ్లేదాన్ని. తాళం వెయ్యమని ఆమే అడిగింది. ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. నాకు తొందరగానే పట్టుబడింది. ఖాళీగా కూర్చోవడం ఇష్టంలేక, ఒడిలో బఠాణీల పళ్లెం పెట్టుకుని ఎడమచేత్తో ఒలుస్తూ కుడిచేత్తో తాళం వేశాను. వకుళ వాయించడం ఆపేసింది.

“ఆ పళ్లెం పక్కన పెట్టండి పిన్నిగారూ.”

“ఎందుకు? చెయ్యి ఆడుతూనే ఉందిగా.”

“చెయ్యి ఆడుతోంది, మీరు బఠాణీల్లో ఉన్నారు. ఈ కాసేపూ ఇదొక్కటే. నాకు ఉన్నదే ఇంత. దీన్ని కూడా సగం చెయ్యకండి.”

నా జన్మలో నన్నెవరూ పని ఆపమని గదమాయించలేదు. పళ్లెం పక్కన పెట్టాను. ఆ తరువాత ఇన్నేళ్లలో మళ్లీ ఆ పళ్లెం పైకి తీసుకెళ్లలేదు.

అలా కొన్నేళ్లు గడిచాక వకుళ రేడియో ఆడిషన్‌కి పిలుపు తెచ్చుకుంది. అదే సమయంలో ఆఫీసువాళ్లు ఊరికి చాలా దూరాన కడుతున్న కొత్త ప్లాంటుకి ఆమెను ఇన్‌ఛార్జిగా వెళ్లమంటున్నారు. ఆ ఉద్యోగంలో చేరితే నీళ్ల వేళకే బస్సెక్కాలి. “ఆడిషన్ గెలిస్తే వాళ్లకు కుదరదని చెప్పేస్తాను. చెప్పడానికి ఒక కారణం కావాలి కదా. పోతే వెళ్లిపోతాను. ఇక దేనికి గింజుకోవడం,” అంది నాతో. ఆ వారమంతా వంట సన్యాసిరావే చేశాడు.

ఆడిషన్ రోజున తోడు నేను వెళ్లాను. నన్ను రేడియో స్టేషన్ వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి ఆమె లోపలికి వెళ్లింది. బయటికి వచ్చినప్పుడు మొహంలో ఏమీ లేదు. ఆమె వెనకే ఆడిషన్ విన్న ఒక పెద్దాయన వచ్చి తెలుగులో మర్యాదగానే చెప్పాడు. “అమ్మా, చెయ్యి మంచిది. శ్రుతి నిలవడం లేదు, కిందికి జారుతోంది. రెండేళ్లు ఇంకేమీ పెట్టుకోకుండా దీనిమీదే కూర్చుని మళ్లీ రండి.”

“అలాగేనండీ,” అంది వకుళ.

ఆయన వెళ్లాక వయొలిన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. “వాళ్ల తంబూరా కదలకుండా ఒక్కచోటే ఉంది పిన్నిగారూ. నా వేళ్లే జారిపోతున్నాయి. తెలుస్తూనే ఉంది. ఆపలేకపోయాను.” నా వైపు తిరిగి, “మన మోటారు,” అంది.

నాకూ అప్పుడు వెలిగింది. అన్ని ఇళ్లవాళ్లూ మోటార్లు వేసేసరికి కరెంటు తగ్గి, మా మోటారు గొంతు మెల్లగా కిందికి దిగేది. దాన్ని నమ్ముకున్న వేళ్లు దానితోపాటే దిగడం నేర్చుకున్నాయి. అంత నిష్ఠగా ఆమె సాధన చేసింది ఆ జారుడునే.

“అయితే ఇకనుంచి మోటారు లేనప్పుడు వాయించు,” అన్నాను.

“ఎప్పుడు?” అంది.

ఇద్దరం లేచి బస్టాపుకి నడిచాం.

కొత్త ప్లాంటులో చేరిపోయింది. ముందు ఉర్దూ పోయింది, బస్సెక్కగానే నిద్ర పట్టేసేదట. ఆ చలికాలం ఒక్కసారే యమున ఒడ్డుకు వెళ్లింది. అక్కడ చెట్టుకు ఆనుకుని నిద్రపోయిందని సన్యాసిరావు చెప్పాడు. అప్పటికి ఆయన మండలం గురించి హాస్యమాడడం మానేశాడు. లినోలియం ఉలులు తుప్పుపట్టాయి. ఒక సెలవు రోజున నా ముందే వయొలిన్ పెట్టె తెరిచింది. మూసి ఉన్న పెట్టెలో పురుగు చేరి కమాను వెంట్రుకలు కొరికేసింది. ముట్టుకోగానే కుచ్చుగా ఊడి చేతిలోకి వచ్చాయి.

“దీనికైనా తీరిక దొరికింది,” అని మళ్లీ మూసేసింది. నేను ఏడుస్తుందేమో అనుకున్నాను. కందిపప్పు నానబెట్టాలంటూ లేచి వెళ్లింది.

తరువాత ఆఫీసువాళ్లు పుణె పంపించారు. ఒకసారి ఫోన్ చేసింది. జీతం పెరిగిందనీ, కింద పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారనీ చెప్పింది. “అక్కడ పక్షులు ఉన్నాయా అమ్మా?” అని అడిగాను. “పక్షులా?” అంది, అదేదో కొత్త మాటన్నట్టు. నేనే, “ఆరోగ్యం చూసుకో,” అని పెట్టేశాను. మళ్లీ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఏమడగను?

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక నా గది తలుపు మూసుకుంటాను. ఆ గంట నాదని ఇంట్లో అందరికీ చెప్పేశాను. పప్పులు బాగుచెయ్యను, బట్టలు మడతపెట్టను, పడుకోను. నా కాలాన్ని నేను కొంత తీసి పక్కన పెట్టుకోవచ్చని నాకు నేర్పింది వకుళ ఒక్కతే. అందులో ఏం వెయ్యాలో నేర్పడానికి ఆమెకు తీరిక లేకపోయింది. ఇంత వయసొచ్చాక నాకు నేనుగా ఏదీ తోచడం లేదు. మా కోడలు తలుపు అవతల నిలబడి, “ఏం చేస్తున్నారత్తయ్యా?” అంటుంది.

“పనిలో ఉన్నాను,” అని చెబుతాను. గంట అయ్యేదాకా గోడకేసి చూస్తూ కూర్చుంటాను.