ఇద్దరు అప్పలనాయుళ్ళు, ఒకటే కార్డు

1978లో నన్ను విశాఖపట్నం రేవులో ఓడల సరుకు ఎత్తి దింపే ఒక సంస్థకు సిస్టమ్స్ అనలిస్టుగా వేశారు. సంస్థ పేరు చెప్పను. వన్ టౌన్‌లో ఒక పాత గోడౌన్ పైఅంతస్తులో మా ఆఫీసు. కంప్యూటర్‌కు చల్లటి గది, మాకు రెండు ఫ్యాన్లు. సంస్థలో పనిచేసే కళాసీల, అంటే సరుకు మోసే కూలీల వివరాలన్నీ రిజిస్టర్లలోంచి కంప్యూటర్‌కు ఎక్కించాలి, దానికి రికార్డు నమూనా తయారుచేయమన్నారు. ఏ వివరం ఉండాలి, దానికి ఎన్ని అక్షరాలు, దేన్ని తప్పుగా ఎంచాలి అన్నవన్నీ రాసి సంతకం పెట్టే బాధ్యత అనలిస్టుదే.

అప్పట్లో ఒక మనిషంటే ఒక కార్డు, కార్డుకు ఎనభై గళ్ళు, గడికొక అక్షరం. మనిషి మొత్తం అందులో ఇమడాలి. పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు, పుట్టిన తేదీ, ఈ ఐదూ కలిపి ఒక మనిషికి గుర్తు అని నిర్ణయించాను. ఐదూ కలిసే ఇద్దరు ఉండరని నా ధీమా. కళాసీల ఇత్తడి బిళ్ళల మీద నంబర్లుండేవి గానీ, జట్టు మారితే బిళ్ళ మారేది కాబట్టి వాటిని వాడలేదు. పాత రిజిస్టర్లో పుట్టుమచ్చలు, గాయాల మచ్చలు రాసే గడి ఒకటుండేది; చోటు చాలక కొట్టేశాను. పేర్ల ముందుండే పెద, చిన అనేవి ఇంట్లో పిలుచుకునే మాటలే కదా అని వాటినీ తీసేయమని రాశాను. నాది గుడివాడ దగ్గర ఊరు. ఈ ప్రాంతంలో పేర్లు ఎలా పెడతారో ఒక్కరిని అడిగిన పాపాన పోలేదు.

అడక్కుండానే చెప్పిన మనిషి ఒకరున్నారు. పంచ్ ఆపరేటర్ వరలక్ష్మిగారు. కార్డులకు చిల్లులు వేస్తూ వేస్తూ ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి, పెద, చిన తీసేస్తే అన్నదమ్ములు కలిసిపోతారేమో సార్ అన్నారు. రూల్లో ఏముంటే అది కొట్టండి అన్నాను. ఆవిడ వెళ్ళి మళ్ళీ కార్డులు కొట్టుకున్నారు. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

కార్డులు పూర్తయ్యాక ఎడిట్ ప్రోగ్రామ్ నడిపాం. తప్పుల్ని ఏరే ప్రోగ్రామ్ అది. పదమూడో నెల అని ఉంటే పట్టుకుంటుంది, ఊరి గడి ఖాళీగా ఉంటే పట్టుకుంటుంది, ఒకే గుర్తుతో రెండు కార్డులొస్తే రెండోదాన్ని తోసేస్తుంది. తోసేసిన కార్డుల జాబితా హాజరు చూసే టైమ్ ఆఫీసుకు వెళ్ళింది. "రెండోసారి వచ్చిన కార్డు" అని నేను అచ్చు వేయిస్తే, వాళ్ళు దాన్ని "దొంగ పేరు" అని చదువుకున్నారు. ఆ వారం నుంచి చిన అప్పలనాయుడనే కళాసీ పేరు, పనికి లోపలికి వదిలేవాళ్ళ గేటు జాబితాలో లేదు. పైగా ఒక నోటీసు: వేరొకరి పేరుతో పనిచేస్తున్నావు, పదిహేను రోజుల్లో రుజువు చూపకపోతే తొలగిస్తాం అని. పన్నెండేళ్ళు బస్తాలు మోసిన మనిషికి!

జాబితా మా దగ్గర పుట్టింది కాబట్టి విచారణ కూడా మా మేనేజరు గదిలోనే పెట్టారు. చినవాడు రుజువు కింద సొంత అన్ననే వెంటబెట్టుకొచ్చాడు, పెద అప్పలనాయుణ్ణి. వాళ్ళ జట్టు మేస్త్రీ సత్తెయ్య కూడా వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ ఎదురుగా నిలబడ్డారు, ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. మేనేజరు తలెత్తకుండా కాగితాలు తిప్పుతున్నాడు. ఇద్దరికీ ఒకే తండ్రి, ఒకే పేరు, ఇద్దరూ ఒకే ఏడు జూలై ఒకటిన పుట్టారు. కవలలా అని అడిగాడు.

"కవలలేటి బాబూ, నాకూ ఈడికీ నాలుగేళ్ళు ఎడం," అన్నాడు పెద్దవాడు. "పుట్టినోళ్ళందరికీ సింహాచలం అప్పన్న పేరే ఎడతానని మాయమ్మ మొక్కుకుంది. ఇద్దర్నీ ఒక్క రోజే ఇస్కూల్లో ఏసినారు. మేస్టారు ఇద్దరికీ ఒక్క తేదీయే రాసేసినారు."

స్కూలు సర్టిఫికెట్లు చూపించారు. పెద, చిన తప్ప అన్నీ ఒక్కటే. ఆ పెద, చినలను లెక్కచేయొద్దని రూలుందయ్యా అంటూ మేనేజరు నా సంతకమున్న కాగితం తీసి నాకే చూపించాడు.

సత్తెయ్యకు ఓపిక పోయింది. "ఇద్దరు మనుషులు ఎదుర్రా నిలబడుంటే కాగితాల్లో ఎతుకుతారేటి బాబూ? కళ్ళు నేవా?"

పాత రిజిస్టరు తెప్పించాను. నేను కొట్టేసిన గడిలోనే ఉంది అసలు సంగతి. పెద్దవాడికి ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ, చిన్నవాడికి కుడి మోకాలి కింద కాలిన మచ్చ. మేనేజరు ఒకడి చెయ్యి, ఒకడి కాలు పరీక్షగా చూసి, రిజిస్టర్లో టిక్కులు పెట్టి, నోటీసు రద్దు చేశాడు.

అంతటితో అయిపోవాలి కదా. అవలేదు. కార్డు మళ్ళీ పెడితే ప్రోగ్రామ్ మళ్ళీ తోసేసింది. నమూనా మారుద్దాం సార్, మనిషికొక మారని నంబరు ఇద్దాం అన్నాను. ఒక్కడి కోసం కార్డులన్నీ మళ్ళీ కొట్టించాలా, వాడి పుట్టిన తేదీ ఒక రోజు జరిపెయ్యవయ్యా అన్నాడు మేనేజరు. గొంతు పెంచి మరీ వాదించాను. ఆయన కదల్లేదు. ఈలోగా రోజూ గేటు జాబితా అచ్చవుతోంది, అందులో చినవాడి పేరు లేదు, ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమైపోతోంది. చివరికి దిద్దుబాటు ఫారం మీద జూలై రెండు అని నేనే రాసి సంతకం పెట్టాను.

మర్నాడు డ్యూటీకి వెళ్తూ చినవాడు మా ఆఫీసుకు వచ్చాడు. "నాకు కొడుకు పుట్టినాడు బాబూ. ఆడికీ అప్పన్న పేరే ఎడదామనుకుంటన్నాం. మీ మిసను ఒప్పుకుంటాదేటి?" అన్నాడు. వెటకారం లేదు, తెలుసుకుందామనే అడిగాడు.

రికార్డు తనిఖీలో నెగ్గిందంటే మనం రాసిన రూళ్ళకు లొంగిందని అర్థం, అంతే. ఆ రూళ్ళు మనుషులకు సరిపోతాయో లేదో ముందే గేటు దగ్గరికి వెళ్ళి చూసుకోవాలి. నేను వెళ్ళలేదు. ఎదురుగా ఉన్న మనిషిని లేడని తోసేసిన మా ప్రోగ్రామ్, నేను కావాలని రాసిన అబద్ధపు తేదీని ఒక్క తప్పూ లేదని తీసుకుంది.