సలోమి మేడం చదివిన పేర్లు

“మరి మీకెవరిస్తరు మేడం?” అని అడిగాను నేను.

“నీ బస్సు వస్తోంది యాదమ్మా, ముందు ఎక్కు,” అన్నారు సలోమి మేడం.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. మౌలాలిలో మేం పనిచేసిన అట్టపెట్టెల కంపెనీ మూతబడిన రోజు, గేటు బయట. జవాబు చెప్పకుండానే నన్ను బస్సెక్కించారు. ఏడాది తిరగకముందే ఆమె పోయారు. ఇవాళ మా చెల్లెలి కూతురు స్వప్న పుస్తకాలకు అట్టలు వేసుకుందామని మైదా గంజి ఉడికిస్తుంటే, కంపెనీలో పెట్టెలకు పూసిన గంజిదే అయిన ఆ వెచ్చని పుల్లటి వాసనకు మేడం వచ్చి పక్కన నిలబడ్డట్టే అయింది. నేను చెబుతాను, నువ్వు రాయమని స్వప్నను కూర్చోబెట్టాను. నాకు సంతకం ఒక్కటే వచ్చు. గొంతు కూడా ఆ అట్టల దుమ్ముకు ఎప్పుడో గీరుకుపోయింది.

మేడం మా కంపెనీలో లెక్కలు రాసేవారు. కోస్తా వైపు మనిషి, సీతాఫల్‌మండిలో ఉండేవారు. ప్రతి నెలా ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా, కట్టే ముందు మా ఆడవాళ్ళందరినీ బల్ల చుట్టూ నిలబెట్టి పేర్లు, పనిచేసిన రోజులు పైకి చదివేవారు. మాకు చదువు రాదు కదా, తప్పుంటే చెవితోనైనా పట్టుకుంటామని. నేను చేరిన కొత్తలో “నర్సమ్మ, ఇరవై ఆరు రోజులు” అని చదివితే “ఉన్న” అన్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు.

నర్సమ్మ మా అత్త. ఆమెకు చూపు మందగిస్తే ఆమె పీట మీద నేను కూర్చున్నాను. అప్పటికి నా మొగుడు పోయి మూడు నెలలు. మా ఇళ్ళలో పని అంటే ఇంటిది, ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు. పేరు మార్చాలని ఎవరికి తోస్తుంది?

“పేరెవరిదైతేంది మేడం, చేతులు నావే గదా,” అన్నాను.

“ఇన్ని రోజులూ నీకు పడాల్సినవి. పనిలో లేని మనిషికి పడుతున్నాయి. రేపు కంపెనీ మూసేస్తే నువ్వు ఎక్కడా లేవు,” అన్నారు.

“మూస్తే ఏమొస్తది?”

“రెండేళ్ళు నీ పేరు మీద కట్టి ఉంటే, పని పోయాక మూడు నెలల దాకా సగం కూలి వస్తుంది.”

నాకు నవ్వొచ్చింది. “ఉత్తగ కూసున్నోళ్ళకు పైసలా? మా సేఠ్ ఇస్తడా? చాయ్‌ల చక్కెర ఎక్కువైతెనే మొత్తుకుంటడు.”

మేడం కూడా నవ్వారు. నా కూలిలో కోసేది కొంచెమేనట. సేఠ్ తన జేబులోంచి దానికి నాలుగింతల పైన కట్టాలట, అది మళ్ళీ మా కూలిలోంచి కోసుకోకూడదట. ఆ మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. పెట్టెలు మడుస్తూ మడుస్తూ లేచి వెళ్ళి అడిగేదాన్ని. “మేడం, మరి సేఠే దివాలా తీస్తె?”

“ఆయనొక్కడిదే కాదుగా. అన్ని కంపెనీలవాళ్ళూ కట్టింది ఒకే చోట పోగవుతుంది. యాప్రాల్‌లో ఎవడో కట్టిందీ అందులోనే ఉంటుంది.”

యాప్రాల్‌లో ఆ ఎవరో నన్నెప్పుడూ చూడలేదు. నా కోసం ఎందుకు కడుతున్నట్టు? ఇప్పటికీ తలుచుకుంటే వింతే.

పేరు మార్చుకుందామంటే అత్త అడ్డం పడింది. “నేను బతికుండంగనే నా పేరు కొట్టేపిస్తరా?” అని రెండు నెలలు అలిగింది. ఒక ఆదివారం మేడం చర్చి నుంచి నేరుగా మా గుమ్మంలోకి వచ్చారు.

“నువ్వు ప్రార్థనకు పోతవా, ఇండ్లల్ల పేర్లు తీసేయనీకి పోతవా?” అన్నది అత్త.

“మొదటిది చూసుకునే వచ్చానమ్మా. టీ పోస్తావా, గుమ్మంలోనే నిలబెడతావా?”

టీ తాగుతూ మేడం నెమ్మదిగా చెప్పారు. “నీ పేరు ఎక్కడికీ పోదు నర్సమ్మా. నువ్వు పని మానేశావని రాస్తాం, అంతే. నీ కొడుకు ఎలాగూ లేడు, రేపు నువ్వూ లేకపోతే ఈ పిల్లకు ఏముంటుంది?”

అత్త తడుముకుంటూ మేడం చేతిలోని ఖాళీ గ్లాసు అందుకుంది. తర్వాత, “రాస్కో. దాని పేరు పెద్దగ రాయి,” అన్నది.

రెండేళ్ళు దాటాయో లేదో ఆర్డర్లు తగ్గి సేఠ్ చేతులెత్తేశాడు. ఆ సాయంత్రం మేడం నా రోజులు వేలితో లెక్కపెట్టారు. “రెండేళ్ళ మీద పద్దెనిమిది రోజులున్నాయి యాదమ్మా. గండం గడిచింది,” అన్నారు. అత్త ఇంకొక నెల అలిగి ఉంటే పోయేదే.

అప్పుడే అడిగాను, మరి మీకెవరిస్తారని. ఆమె చెప్పని జవాబు ఆ సగం కూలి తెచ్చుకునే రోజు ఈఎస్‌ఐ ఆఫీసులో తెలిసింది. జీతం ఒక హద్దు దాటినవాళ్ళకు ఈ బీమా ఉండదట. అందరి పేర్లూ చదివిన మనిషి పేరు ఆ జాబితాలో ఏ నెలా లేదు. అంత ఆరా తీసే నేను ఆమె పేరు ఎందుకు చదవరని ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు హాస్టల్లో వంట పని. చేరిన రోజే మేనేజరును అడిగాను, “సార్, నా పేరు ఎక్కించిండ్రా? జెర సదివి చెప్పుండ్రి,” అని. నా తర్వాత చేరినవాళ్ళ చేత కూడా అడిగిస్తాను. ఆయనకు నేనంటే విసుగే.

అయిపోయిందా స్వప్నా? పైకి చదువు బిడ్డా, మొదటి నుంచి. సలోమి మేడం పేరు పడ్డదో లేదో నేను వినాలె.