బావ పడని మామిడిచెట్టు

మొన్న ఆయుధపూజకు తెలిసినవాళ్లు పిలిస్తే పుంగనూరు దగ్గర ఒక ఫ్యాక్టరీకి వెళ్లాను. ఎత్తులో పనిచేసేవాళ్లు కట్టుకోవలసిన బెల్టు, ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా, పసుపు కుంకుమలతో గోడకు వేలాడుతోంది. దాని పక్కనే ఒకాయన ఉత్త నడుముతో బస్తాల మీదికి ఎగబాకుతున్నాడు. చేతిలో పెట్టిన బొరుగులు, బెల్లం నోటికి పోలేదు. రోత పుట్టింది, వాళ్ల మీద కంటే నా మీదే ఎక్కువ.

కుప్పం వైపు మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో నేను సూపర్‌వైజరుగా ఉన్న రోజుల్లో బెల్టు మాట దేవుడెరుగు, నిచ్చెనే లేదు. చక్కెర మూటలనే మెట్లుగా పేర్చుకుని, నెత్తిన ఇంకో మూటతో పైకప్పు రేకుల దాకా ఎక్కేవాళ్లు. ఆ మెట్లు పేర్పించేది నేనే, అదొక నేర్పని మురిసిపోయేవాణ్ణి కూడా. కాయల కాలంలో నేలంతా గుజ్జు, ఈగలు, పులిసిన కంపు. ఆ గుజ్జు అంటిన కాళ్లతోనే మా అక్క మొగుడు, నేను పనికి పెట్టించిన బావ, పైమూట మీద అడుగేసి జారి వెల్లకిలా పడ్డాడు.

ఆసుపత్రికి తీసుకుపోయేముందు మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "మామిడిసెట్టు మీదనుంచి పడినాడని సెప్పప్పా. ఫ్యాక్టరీ పేరెత్తితే ఇద్దురికీ ఈడ పని ఉండదు" అన్నాడు. డాక్టరుకు అదే చెప్పాను. మదనపల్లె నుంచి ఏడుస్తూ వచ్చిన అక్కకూ అదే చెప్పాను, రామకుప్పంలో మన తోటలో పెద్దచెట్టెక్కి కాయలు కోస్తూ పడ్డాడని. బావ మొహం గోడవైపు తిప్పుకున్నాడే గానీ కాదనలేదు. ఆయన మళ్లీ మూట ఎత్తలేకపోయాడు. కాయల కాలం అయిపోగానే ఆయన్ను తీసేశారు, నన్ను ఉంచుకున్నారు, నేనూ సిగ్గులేకుండా ఉండిపోయాను.

బావ వంగిపోయి నడవడం చూడలేక అక్క ఒక ఏడాది తోటకు కూలిమనుషుల్ని పిలుచుకొచ్చింది. "నా మొగుడి నడుము ఇరగ్గొట్టిన సెట్టు మన తోటలో యాల ఉండల్ల?" అని, మా నాయన నాటిన ఆ చెట్టును మొదలంటా కొట్టించింది. కొమ్మలు తాడుతో లాగి పట్టుకున్నది నేనే.

ఇప్పుడు ఫ్యాక్టరీల్లో టోపీలు, బూట్లు, గోడల నిండా జాగ్రత్తల బోర్డులు వచ్చాయి. పడినవాణ్ణి ఎక్కడ పడ్డాడని చెప్పమంటున్నారో మాత్రం నేను అడగలేదు. బావ పోయి చాలా ఏళ్లయింది, అక్కకు చూపు తగ్గింది. నిజం చెప్పేద్దామని అప్పుడప్పుడూ మదనపల్లె బస్సెక్కుతాను. ఆమె తడుముకుంటూ వచ్చి నాకు అన్నం పెడుతుంది. తిని వచ్చేస్తాను.