సోదా బాబాయిగారి ఆఖరి కేసు

సోదా బాబాయిగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. మూసి ఉన్న సంచీ కంటబడితే ఊరుకోలేరు. అది ఎవరిదైనా సరే, అందులో ఏముందో చూస్తే తప్ప ఆయనకు ముద్ద దిగదు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. జీవితమంతా ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ బల్ల వెనక నిలబడి, దిగినవాళ్ళ పెట్టెలు తెరిపించిన మనిషి. రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు టోపీ, బిళ్ళ వెనక్కి తీసుకున్నారు కానీ ఆ చేతుల దురద తీసుకోవడం మర్చిపోయారు. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పోస్టుమాన్ కూడా "సోదా బాబాయిగారూ" అని పిలిచి, ఉత్తరం ఇచ్చే ముందే తన సంచీ మూతి విప్పి చూపిస్తాడు. ఎలాగూ తప్పదని అతనికి తెలుసు.

ఓసారి బాబాయిగారికి జ్వరం వచ్చి డాక్టరును ఇంటికి పిలిపించారు. నోట్లో థర్మామీటరు పెట్టి డాక్టరు ఒక చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే, బాబాయిగారి రెండో చెయ్యి మెల్లగా డాక్టరు బ్యాగులోకి పాకింది. వేయించిన వేరుశెనగపప్పు పొట్లం బయటికొచ్చింది. నూనె వస్తువులు మానమని తనకు చెప్పిన నోరు ఇదేనా అని అడుగుదామంటే థర్మామీటరు అడ్డం. అందుకని పొట్లాన్ని డాక్టరు కళ్ళ ముందు ఒకసారి ఊపి, జప్తు చేసి దిండు కింద పెట్టుకున్నారు. ఆ డాక్టరు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు ఆయన నాడి కూడా ఫోన్లోనే చూస్తున్నాడు.

ఈ జబ్బుతో కాపురం చేస్తూ వచ్చిన మనిషి ఆయన భార్య, వీధికంతటికీ పిన్నిగారు. ఆవిడకు షుగరుంది, తీపి మీద ప్రాణమూ ఉంది. బజారు నుంచి ఆవిడ వచ్చేసరికి బాబాయిగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉండేవారు.

"చెప్పుకోవాల్సింది ఏమైనా ఉందా?"

"వంకాయలున్నాయి."

"ఇంకా?"

"ఇంకా నా తలకాయుంది. జప్తు చేసుకోండి."

ఆయన తలకాయను వదిలేసి వంకాయల కింద చెయ్యి పెట్టి బిస్కెట్ పొట్లం లాగేవారు. దాన్ని నిబంధనల ప్రకారం ధ్వంసం చేసేశానని సాయంత్రం ప్రకటించేవారు. ధ్వంసం ఎలా జరిగిందో ఆయన మీసాల మీద పొడి చూస్తే పిన్నిగారికి అర్థమయ్యేది.

ఇన్నిసార్లు ఎలా పట్టుకుంటున్నారని ఆవిడ ఒకనాడు బతిమాలి అడిగితే, ఆయన తన వృత్తి రహస్యం చెప్పారు. సరుకు దాచినవాడి మొహం చూడకూడదట, కాళ్ళు చూడాలట. మొహాన్ని ఎవడైనా సర్దుకోగలడు, కాలి బొటనవేలిని సర్దుకునే మొనగాడు పుట్టలేదట. ఆ మర్నాటి నుంచి పిన్నిగారు మేజోళ్ళు వేసుకుని బజారుకు వెళ్ళడం మొదలుపెట్టారు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. పిన్నిగారికి నవ్వు రానిది మాత్రం ఒకటుంది. అది ఆవిడ తమ్ముడి సంగతి.

తల్లి పోతే పిన్నిగారే చంకనేసుకుని పెంచిన తమ్ముడు. పరాయి దేశంలో ఒక బేకరీలో పొయ్యి దగ్గర పని. చాలా కాలానికి సెలవు దొరికి ఇంటికొస్తూ, అక్క ఎప్పుడూ తిని ఉండదని, తను అద్దెకుంటున్న ఇంటి పెరట్లో కాసిన పళ్ళు కోసి, ఒక్కొక్కటి కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. దిగేసరికి బల్ల వెనక బావ. అబ్బాయి మొహం వెలిగిపోయింది. బావ మొహం వెలగలేదు.

"బావా, నేను," అన్నాడు తమ్ముడు, ఒకవేళ గుర్తుపట్టలేదేమోనని.

"ఇక్కడ బావలుండరు. నువ్వు ప్రయాణికుడివి, నేను అధికారిని. పెట్టె తెరువు."

అడుగున ఉన్న బనీన్ల దాకా తీయించారు. విదేశీ పళ్ళలో పురుగుంటుందని, ఆ పురుగు దేశంలోని తోటలన్నీ తినేస్తుందని, వెనక వరుసలో ఉన్న జనమంతా వినేలా చెప్పి, పళ్ళను తీసుకెళ్ళి చెత్తడబ్బాలో పడేశారు. తమ్ముడు బనీన్లు పెట్టెలో కుక్కుకుని, అక్కడి నుంచి నేరుగా లాడ్జికి వెళ్ళి, సెలవంతా అక్కడే ఉండి, అక్కను అక్కడికే పిలిపించుకుని, తిరిగి వెళ్ళిపోయాడు. బావతో మాట పడిపోయింది. ఏళ్ళు గడిచినా అంతే. ఫోన్ చేసినప్పుడు బాబాయిగారు తీస్తే అవతల ఉలుకూ పలుకూ ఉండదు. ఈయనా మాట్లాడరు, పెట్టెయ్యరు. ఒకరి ఊపిరి ఒకరు కాసేపు విన్నాక, "నీ ఫోను," అని పిన్నిగారి చేతిలో పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోయేవారు.

ఇప్పుడు ఆ తమ్ముడు అక్కను రమ్మని టికెట్టు పంపాడు. ఒకటి కాదు, రెండు. రెండోది ఎవరికో అతను చెప్పలేదు, ఈవిడా అడగలేదు. బావాబావమరదులిద్దరినీ ఒక్క పూటైనా ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి వడ్డించాలని పిన్నిగారు గట్టిగా అనుకున్నారు. దానికి ఆవిడ దగ్గరున్న ఆయుధం పాలబిళ్ళలు. పాలను గంటల తరబడి కలియబెట్టి, చిక్కబడ్డాక నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, ముక్కలు కోసేవి. చిన్నప్పుడు తమ్ముడు ఎంత ఏడుస్తున్నా ఒక బిళ్ళ నోట్లో పెడితే సగం ఏడుపు దగ్గర ఆగిపోయేవాడు. ఒక బిళ్ళ నోట్లో ఉండగా వాడు ఎవరి మీదా కోపంగా ఉండలేడని ఆవిడ నమ్మకం.

బిళ్ళలు చేశారు. చల్లార్చి, వెన్న కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తువ్వాలులో చుట్టి, తువ్వాలును తమ్ముడికోసం కొన్న కుక్కర్లో పెట్టి, కుక్కరుకు మూత బిగించి, పెట్టె సర్ది, మేజోళ్ళు కూడా వేసుకున్నారు.

బాబాయిగారు పెట్టె ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. "చెప్పుకోవాల్సింది ఏమైనా ఉందా?"

ఊరగాయ ఉందని, పొడులున్నాయని, వేయించిన పప్పులున్నాయని చెప్పారావిడ. వాటికి ఇబ్బంది లేదన్నారాయన, ఆ దేశపు నిబంధనలన్నీ నెల ముందే బట్టీ పట్టి ఉన్నారు కాబట్టి. తర్వాత కుక్కర్ని ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, మూత తీసి, తువ్వాలులోంచి డబ్బా బయటికి లాగారు.

"పాలు కలిసిన వస్తువు ఏదైనా సరే అక్కడ నిషేధం. చెప్తే చెత్తడబ్బాలో పడేస్తారు. చెప్పకుండా దొరికితే పరువు పోతుంది. ఇది జప్తు."

"వాడికి ఇష్టమండీ," అన్నారు పిన్నిగారు.

ఆయన డబ్బా పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళి గడియ వేసుకున్నారు. ధ్వంసం మొదలైందనుకుని ఆవిడకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ పూట నుంచి ఆవిడ కూడా మాటలు మానేశారు. అలా బాబాయిగారితో మాట్లాడనివాళ్ళ సంఖ్య పెరిగింది. ఆయన ఏమీ పట్టించుకున్నట్టు లేదు. మధ్యలో ఒకసారి తలుపు తీసి సూదీ దారం అడిగారు, చొక్కా బొత్తాం ఊడిందని. పుట్టి బుద్ధెరిగాక సూది పట్టని మనిషి. ఇంకో రోజైతే పిన్నిగారు ఆరా తీసేవారే. మూతి ముడుచుకుని ఉన్నారు కాబట్టి దారపుండ గుమ్మంలోకి విసిరి ఊరుకున్నారు.

విమానంలో బాబాయిగారు మెడకు దిండు తగిలించుకున్నారు, గుర్రపు నాడా ఆకారంలో ఉంటుందే, అది. మెడనొప్పి ఎప్పుడొచ్చిందని అడగాలనిపించినా పిన్నిగారు మాట్లాడటం లేదు కదా. దిండు పెట్టుకున్న మనిషి దాని మీద తల వాల్చాలి. ఈయన దారి పొడవునా కర్ర మింగినవాడిలా నిటారుగా కూర్చుని, దిండుకు మెడ ఆసరా ఇస్తూ ప్రయాణం చేశారు.

దిగాక అక్కడ రెండు వరుసలు. తెచ్చిన తిండి చూపించాల్సినవాళ్ళది ఒకటి, ఏమీ లేనివాళ్ళది ఒకటి. బాబాయిగారు దర్జాగా మొదటి వరుసలో నిలబడ్డారు. బల్ల వెనక ఒక చిన్న వయసు అధికారిణి ఉంది, చూయింగ్ గమ్ నములుతోంది. డ్యూటీలో నోరు ఆడించడం చూసి అప్పటికే ఆయనకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి పెట్టె తెరిచి, ఊరగాయ జాడీ ఎత్తి చూసి, పొడులు చూసి, పప్పులు చూసి, కుక్కర్ జోలికే పోకుండా మూత వేసి, వెళ్ళొచ్చని చెయ్యి ఊపింది.

వెళ్ళిపోవాలి. ఎవరైనా అదే చేస్తారు. పిన్నిగారు అప్పటికే రెండడుగులు వేశారు. బాబాయిగారు కదల్లేదు.

"అయిపోయిందా? దీన్ని సోదా అంటారా?" అన్నారు తన ఆఫీసు ఇంగ్లీషులో. ఆ అమ్మాయి నమలడం ఆపింది.

పిన్నిగారు ఆయన చొక్కా పట్టుకుని లాగారు. నోటి దురద మొదలయ్యాక ఆ మనిషిని ఆపడం ఎవరి తరం. కుక్కర్ తెరవలేదేమని, పెట్టె అడుగు తట్టి చూడలేదేమని నిలదీశారు. పెట్టె ఒక్కటే చూసి ప్రయాణికుణ్ణి వదిలేస్తే మనిషి మీద ఉన్నది ఎవరు చూస్తారని అడిగారు. తన దగ్గర పనిచేసి ఉంటే ఆ అమ్మాయిని మొదటి రోజే ఇంటికి పంపేవాణ్ణన్నారు.

"సరుకు ఎక్కడెక్కడ దాస్తారో నేర్పలేదా నీకు? రాసుకో. బూట్ల మడమల్లో. గొడుగు పిడిలో. టోపీ అంచులో. కోటు లైనింగులో. మెడ దిండులో..."

అక్కడ ఆగారు.

అమ్మాయి చూపు ఆయన మెడ మీదికి వచ్చింది. పిన్నిగారి చూపు మాత్రం ఆయన కాళ్ళ మీదికి వెళ్ళింది. చెప్పుల్లోంచి బయటికొచ్చిన రెండు బొటనవేళ్ళూ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. పిన్నిగారికి పై ప్రాణాలు పైనే పోయాయి.

దిండు బల్ల మీదికి వచ్చింది. ఒక పక్కన కుట్లు వంకరటింకరగా, చిన్నపిల్లాడు కుట్టినట్టున్నాయి. ఆ అమ్మాయి కత్తెరతో తెంపితే, దూది ఉండాల్సిన చోటు నుంచి పాలబిళ్ళలు ఒకదాని వెనక ఒకటి బల్ల మీద పడ్డాయి. విమానంలో ఆయన మెడ వేడికి కొన్ని కాగితాలు విడిపోయి, బిళ్ళలు కరిగి గుడ్డకు అంటుకున్నాయి.

పాల వస్తువులు తీసుకురాకూడదని తెలియదా అని అడిగిందా అమ్మాయి. తెలియదంటే సరిపోయేది. బాబాయిగారు చేతులు కట్టుకుని నిలబడి, ఆ నిబంధన ఏ అధ్యాయంలో ఎన్నో పేరాలో ఉందో చెప్పి, మొత్తం పేరా అప్పజెప్పారు. ఒక మాట ఆ అమ్మాయికే కొత్తది.

"ఇంత తెలిసి ఎందుకు తెచ్చారు?"

ఆ ప్రశ్న ఆయన వేలమందిని అడిగి ఉంటారు. వాళ్ళు చెప్పిన కుంటిసాకులన్నీ ఆయనకు నోటికి వచ్చు. వాటిలో ఒక్కటీ వాడుకోలేదు.

"మా బావమరిదికి ఇష్టం," అన్నారు.

అమ్మాయి జాలిపడ్డట్టే ఉంది కానీ, రూలు రూలేనంది. ఆయన తల ఊపి, తనైనా అదే చేసేవాణ్ణన్నారు. ఒకసారి చేశాను కూడా అన్నారు. బిళ్ళలన్నీ చెత్తడబ్బాలోకి వెళ్ళాయి. ఈసారికి మందలించి వదిలేస్తున్నానని అమ్మాయి అంటే, మందలింపు సరిపోదని, తనలాంటివాడికి జరిమానా వెయ్యాల్సిందేనని బాబాయిగారు వాదనకు దిగబోయారు. పిన్నిగారు మాటల సమ్మె విరమించి, "మీరు నోరు మూసుకుని నడుస్తారా లేదా?" అన్నారు.

ఖాళీ దిండు తొడుగు మెడలో వేలాడుతుండగా ఆయన బండి తోసుకుంటూ నడిచారు. తోడు పెళ్ళికొడుకులా ఎగిరెగిరి నడిచే మనిషి అంత నెమ్మదిగా నడవడం పిన్నిగారు ఎప్పుడూ చూడలేదు.

"అంత తేవాలనుకున్నవారు నా పెట్టెలోనే ఉండనివ్వకపోయారా?" అని అడిగారు మెల్లగా.

"దొరికితే నువ్వు నిలబడాల్సి వచ్చేది. జనం చూస్తుండగా పెట్టె తెరుచుకుని నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను చాలామందిని నిలబెట్టాను."

పిన్నిగారికి ఆయన మీద ఉన్న కోపమంతా ఆ మాటతో కరిగిపోయింది. ఇంత ప్రేమను మెడకు కట్టుకుని వచ్చి, తనంతట తనే అప్పజెప్పుకున్న వెర్రిమనిషిని ఏం చెయ్యాలో ఆవిడకు తోచలేదు. ఆయన్ని ఆపి కాలర్ సరిచేశారు, అవసరం లేకపోయినా.

తలుపుల అవతల తమ్ముడు కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నాడు. అక్కను పట్టుకున్నాడు, అక్క పక్కనున్న మనిషి వంక చూడలేదు. ఇంత ఆలస్యమేంటని అడిగాడు. పిన్నిగారు చెప్పడం మొదలుపెట్టారు. సూదీ దారం దగ్గర అతను వినడం మొదలుపెట్టాడు. గొడుగు పిడి, టోపీ అంచు దాకా వచ్చేసరికి పెదవి బిగబట్టాడు. మెడ దిండు దగ్గర ఇక ఆపుకోలేక, బండి పిడి పట్టుకుని వంగిపోయి, దారిన పోయేవాళ్ళు ఆగి చూసేలా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, తిన్నగా బావ మొహంలోకి చూశాడు.

"దొరికిపోయారా, బావా?"

"నన్ను ఎవరు పట్టుకోగలరురా?" అన్నారు బాబాయిగారు. "నేనే పట్టించాను."

తమ్ముడు ఆయన మెడలోంచి ఆ తొడుగు తీసుకున్నాడు. వాసన చూశాడు. లోపలికి వేళ్ళు పోనిచ్చి, కుట్ల మడతల్లో గట్టిగా అంటుకుపోయి అధికారిణి దులుపుడుకు రాలని పాలబిళ్ళ పొడిని గోటితో గీకి తీసి, నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

బాబాయిగారి కళ్ళు పెద్దవయ్యాయి. "ఆగరా. అది నిషిద్ధ వస్తువు. లోపలికి వెళ్ళి చెప్పి రావాలి..."

వెనక్కి తిరిగి అడుగు కూడా వేశారు. తమ్ముడు ఆయన భుజం పట్టి ఆపి, మడతలో మిగిలిన పొడినంతా గీకి, తీసుకెళ్ళి బావ నోట్లోనే పెట్టేశాడు. బాబాయిగారు చాలాసేపు నమిలారు. మింగాక మీసాలు శుభ్రంగా తుడుచుకున్నారు.