అశోక్‌నగర్ మూల మీది ముసుగు

మా సంఘంలో ప్రార్థనకు వచ్చే ఒక అక్క భర్త జీవితమంతా పౌరహక్కుల కోసం పోరాడినవాడు. పాలమూరు కూలీల బస్తీలు కూల్చడానికి ఎవరొచ్చినా ముందు ఆయన నిలబడేవాడు. ఆయన పోయాక అశోక్‌నగర్ మూల మీద విగ్రహం పెట్టారు. ఆవిష్కరణ జరగకముందే ఎన్నికల కోడ్ వచ్చింది. ముసుగు అలాగే ఉండిపోయింది.

తల నుంచి మోకాళ్ళ దాకా తెల్లగుడ్డ, మెడ దగ్గర నైలాన్ తాడు. చిక్కడపల్లి నుంచి ప్రార్థనకు వెళ్తూ రోజూ చూసేవాణ్ణి. గాలి వీస్తే నోరుండే చోట గుడ్డ లోపలికి పోయి, మళ్ళీ ఉబ్బేది. బొమ్మలకు ఊపిరి లేదని చిన్నప్పటి నుంచీ బైబిల్ వాక్యంలో చదువుకున్నవాణ్ణే. అయినా అక్కడికి రాగానే అడుగు వేగం పెంచేవాణ్ణి.

ఆయన వర్ధంతి సాయంత్రం అక్క చామంతులు పట్టుకొని నన్ను అక్కడికి తీసుకెళ్ళింది.

"చేసేటప్పుడు నాకు ఒక్కసారన్న చూపియ్యలేదు తమ్మీ. లోపల ఉన్నది ఆయనేనా, ఇంకెవరన్ననా? నిద్ర పడ్తలేదు. జర ఎక్కి చూడు."

పక్కనున్న చాయ్ బండి అతను స్టూల్ ఇస్తూనే గొణిగాడు.

"ముసుగు మాత్రం తియ్యకు అన్నా. పోలీసోళ్ళొస్తే నా బండి పోతది. ఆపేటందుకు ఆయన కూడ లేకపాయె!"

ఎక్కాను. తాడు వదులుచేసి గుడ్డ లోపలికి చెయ్యి పోనిచ్చాను. రోజంతా ఎండకు కాగిన సిమెంటు జ్వరమొచ్చిన ఒంటిలా ఉంది. గడ్డం తగిలింది. తర్వాత పెదవులు. అప్పుడే గాలికి గుడ్డ వచ్చి నా చేతిని ఆ పెదవులకు అదిమింది. వెనక్కి లాక్కోబోయాను.

"ఎడమ కనుబొమ్మ మీద చూడు. గాటు ఉన్నదా?" కింద నుంచి అక్క అడిగింది.

హోటల్లో బస్తీవాళ్ళకు విడిగా పెట్టిన గ్లాసులు తీసెయ్యమన్న రోజు, ఎవరో వాటిలోదే ఒక గ్లాసు విసిరితే ఆయనకు అక్కడ చీలింది. చిటికెన వేలు పట్టేంత గాటు.

నుదురంతా తడిమాను. ఎక్కడా గీత కూడా లేదు. ఉందంటే ఆమె ఆ రాత్రి నిద్రపోయేది. కానీ అబద్ధం నా నోట రాలేదు.

"లేదక్కా. నున్నగ ఉంది."

ఆమె ముసుగు వంక ఒకసారి చూసింది.

"గట్లయితే ఆయన కాదు. కట్టెయ్యి. నారాయణగూడ సమాధులల్ల పండుకున్నడు గద, ఆడికే పోదాం."

చామంతులు కొంగులో వేసుకొని నడక మొదలుపెట్టింది. నేను మెడ చుట్టూ తాడు బిగించాను. వేళ్ళకు ఆ వెచ్చదనం ఇంకా పోలేదు.