పాస్‌పోర్ట్ కౌంటర్ మా అక్కదే

లైబ్రరీ అక్క పోయిందని బుధవారం ఉదయం వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "అమ్మ ఇంక లేదు ఆంటీ" అంది. ఏడుపు వచ్చింది. దాని వెనకాలే కోపమూ వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో చెప్పకపోతే అక్క గురించి నేను అబద్ధం రాసినట్టే.

ఆవిడ నాకు తోడబుట్టిన అక్క కాదు. న్యూజెర్సీలో మా టౌన్‌షిప్ లైబ్రరీలో ముందు బల్ల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. ఇక్కడికి రాకముందు తెనాలి వైపు మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చేసే వీల్లేక, రోజూ మధ్యాహ్నం అక్కడ కూర్చుని పత్రికలు తిరగేస్తుంటే మూడోరోజు పిలిచింది.

"ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుద్ది. రేపు పదింటికి రా, పుస్తకాలు సర్దుదువుగాని."

అలా వాలంటీరునయ్యాను. అక్క జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని, అదే పెన్సిల్ కోసం బల్లంతా వెతుక్కునేది. తిరిగొచ్చిన పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "వీళ్ళింట్లో ఇవాళ ఇంగువ పోపు" అనేది. నా ఇంగ్లీషు సరిచేసింది, నాకు డ్రైవింగ్ నేర్పింది, నా మొదటి ఇంటర్వ్యూకి తన కోటు ఇచ్చింది.

మాంద్యం తర్వాత రాష్ట్రం నుంచి టౌన్‌కి వచ్చే నిధులు తగ్గిపోయాయి. ఊరి పాలన చూసే టౌన్ మేనేజర్‌గా కొత్తతను వచ్చాడు. టౌన్‌ని బిజినెస్‌లా నడపాలి, ప్రతి డిపార్ట్‌మెంటూ తన ఖర్చు తనే సంపాదించుకోవాలి, ఐడియాలుంటే ఇవ్వండి అన్నాడు. అందరూ బెదిరిపోయారు. అక్క మాత్రం సంబరపడింది.

"ఇన్నాళ్ళకి ఒకడు అడిగాడే! జనం ఏ పనికి సెలవు పెట్టుకుని తిరుగుతున్నారో చూడాలి. ఆ పని మనం చేసిపెడితే ఆదాయం అదే వస్తుంది."

మనవాళ్ళు ఇక్కడ పుట్టిన చంటిపిల్లల్ని ఇండియా తీసుకెళ్ళాలంటే అమెరికా పాస్‌పోర్ట్ కోసం ఆఫీస్‌కి సెలవు పెట్టి ఎక్కడికో డ్రైవ్ చేసుకుపోయేవారు. మా లైబ్రరీ శనివారమూ తెరిచే ఉంటుంది. దరఖాస్తులు అక్కడే తీసుకుంటే జనానికి తిరుగుడు తప్పుతుంది, ఫీజు టౌన్‌కి మిగులుతుంది. ఇదీ అక్క ఆలోచన. ఆవిడ చెబుతుంటే నాలుగు పేజీలూ టైప్ చేసింది నేనే. చంటిబిడ్డతో వచ్చినవాళ్ళని లైన్లో ముందుకు పంపాలన్న మాటతో సహా అన్నీ ఆవిడవే.

మేనేజర్ ఆ కాగితాలు చూసి నవ్వాడట. "ఇది లైబ్రరీ, ఎయిర్‌పోర్ట్ కాదు" అన్నాడట. నెల తిరక్కుండా పొదుపు పేరుతో అక్క ఉద్యోగమే తీసేశారు. వెనక గదిలో వీడ్కోలు కేక్ కోశారు. అక్క ముక్క ముట్టకుండా స్వెట్టర్ తీసుకుని వచ్చేసింది.

మరుసటి వేసవికి లైబ్రరీలో పాస్‌పోర్ట్ కౌంటర్ వెలిసింది. మేనేజర్ రిబ్బన్ కోసి, ఇది తన ఐడియా అని స్పీచ్ ఇచ్చాడు. మేమిద్దరం వెళ్ళి చూశాం. చంటిబిడ్డలున్నవారు ముందుకు రావచ్చు అన్న బోర్డు చూసి అక్క ముఖం నల్లబడింది.

"నా పెరుగన్నం డబ్బా కూడా కాజేశాడేమో చూడవే" అంది. నవ్వుతూ అనలేదు.

కౌన్సిల్ మీటింగుల్లో ఊరివాళ్ళెవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. అక్క ప్రతి మీటింగుకీ వెళ్ళి, ఆ నాలుగు పేజీల్లో ఒక్కో పేజీ చదివింది. మేనేజర్ ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. పేజీలు అయిపోయాక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

ఒకసారి నేనే విసిగి, "పోనీలే అక్కా, క్షమించెయ్" అన్నాను.

"ఉన్నది మూడు నిమిషాలు. అందులో క్షమించడానికి టైమెక్కడిది?" అంది.

చివరికి టౌన్ ఆఫీసులో అర్జీ పెట్టి పాత ఫైల్ బయటికి తీయించింది. ఆవిడ ఇచ్చిన కాగితాలు అందులోనే ఉన్నాయి. మొదటి పేజీ మీద మేనేజర్ చేతిరాత: 'పనికిరాని ఆలోచన.' ఆ రోజు అక్క పేజీ చదవలేదు. ఆ కాగితం పైకెత్తి పట్టుకుని, ఆ రెండు మాటలే చదివి, మిగిలిన టైమంతా మౌనంగా నిలబడింది. వెనక వరసలో ఎవరో పకపకా నవ్వారు. మేయర్ తల పట్టుకున్నాడు. ఆ ఏడు మేనేజర్ కాంట్రాక్టు రెన్యూ చెయ్యలేదు.

"పగ తీరిందా అక్కా?" అని కార్‌లో అడిగాను.

"నా కుర్చీ నాకివ్వలేదుగా" అంది. ఎప్పటికీ ఇవ్వలేదు. ఒక ప్రశంసాపత్రం పంపారు. అక్క దాన్ని చించి కూరగాయల తొక్కలతో పాటు చెత్తబుట్టలో వేసింది. ఆ తర్వాత జబ్బు పడింది.

అంత్యక్రియల రోజు ఫ్యూనరల్ హోమ్ వాకిట్లో వాన. ఆ మేనేజర్ పువ్వులతో వచ్చాడు. ఇప్పుడు కన్సల్టెంట్‌నని, వేరే ఊళ్ళవాళ్ళకి మా టౌన్ పాస్‌పోర్ట్ కౌంటర్ కథ చెబుతుంటానని అన్నాడు. ఆవిడ గురించి రెండు మాటలు మాట్లాడతానన్నాడు.

"మాట్లాడండి. ఆ కౌంటర్ ఆవిడ ఐడియా అని మొదలుపెట్టండి. మీ కథలోనూ ఇకనుంచి అలాగే చెప్పండి" అన్నాను.

అతను నా వంక చూశాడు, లోపలున్న జనం వంక చూశాడు. పువ్వులు బెంచీ మీద పెట్టి వాన్లోకి వెళ్ళిపోయాడు.

పార్కింగ్ లాట్‌లో అతనికి తన కార్ కనబడలేదు. తాళం పైకెత్తి నొక్కుతున్నాడు, ఎక్కడో బీప్ మంటోంది, అటు పరుగెత్తుతున్నాడు, అక్కడ లేదు. కోటు తడిసి వీపుకి అతుక్కుపోయింది. ఆ కార్ హాలు పక్క సందులో, చెట్టు చాటున ఉంది. తాళం నొక్కినప్పుడల్లా దాని లైట్లు వెలగడం నేను నిలబడ్డ చోటికి స్పష్టంగా కనిపిస్తోంది.

లోపలినుంచి అక్క కూతురు పిలిచింది. వస్తున్నానన్నాను గాని కదల్లేదు. వరండాలో చేతులు కట్టుకుని, అతను ఒక్కో వరసా తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాను.